సీనియర్ గారి చొక్కా జేబు

మా సీనియర్ గారిని తలుచుకుంటే మొహం కంటే ముందు చొక్కా జేబు గుర్తొస్తుంది. రోజూ కంప్యూటర్ ఆపేముందు ఆ జేబు ఓసారి తడుముకునేవారు. గుండెల్లో మంటేమో అనుకునేవాణ్ణి.

తణుకులో మా డీటీపీ సెంటర్ కంప్యూటర్ చాలా పాతది. ఫోటో తెరుచుకునేలోపు టీ తాగి, గ్లాసు కూడా కడుక్కుని రావచ్చు. ఓ పొద్దున ఆయనే ర్యామ్ మెమరీలో కొంత చోటు విడదీసి, దానికి ఎఫ్ డ్రైవ్ అని పేరు పెట్టారు. ఫోటో తెరిచేటప్పుడు పుట్టే తాత్కాలిక ఫైళ్లన్నీ అందులో పడేలా చేశారు. ఫోటోలు చకచకా తెరుచుకున్నాయి.

"నీ పని కూడా ఎఫ్‌లోనే దాచుకో బాబూ, వేగంగా అవుతుంది" అన్నారు.

ఆ రోజు పని మామూలుది కాదు. మర్నాటికల్లా చిరిగిన ఫోటోని ఎవరు బాగా సరిచేస్తే వాళ్లకే ఉద్యోగమని రాజమండ్రి స్టూడియో ఓనరు మా ఇద్దరికీ చెప్పాడు. ఆయన మధ్యాహ్నానికే తన వంతు ముగించారు. నేను సాయంత్రం దాకా కూర్చుని ఫోటోలోని తాతగారికి సగం మీసం మొలిపించాను.

"అంతా దాచావా?"

"దాచానండి, ఎఫ్‌లోనే."

"మంచిది." మానిటర్‌కి దండం పెట్టి, జేబు తడుముకుని, స్విచ్ ఆపారు. భక్తి అంటువ్యాధి కదా, నేనూ దండం పెట్టాను.

మర్నాడు ఎఫ్ డ్రైవ్ కడిగిన కంచంలా ఉంది.

"అయ్యయ్యో, మెషీన్ ఆపితే అందులో ఏదీ మిగలదు కదయ్యా! చెప్పలేదూ?"

"లేదండి."

ఓనరు రాగానే ఆయన జేబులోంచి తన పని దాచుకున్న ఫ్లాపీ డిస్కు తీసిచ్చారు. ఉద్యోగమూ ఆయనకే వచ్చింది. వెళ్తూ నా ఖాళీ జేబు తట్టి, "ఏదైనా ఇక్కడ పెట్టుకోవాలి బాబూ" అన్నారు.

పాఠం మంచిదే. ఒక్కరోజు ఆలస్యంగా చెప్పారంతే.