కొత్త దవడ, పాత ఫోటో

మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో ఒకరోజు మెల్‌బోర్న్‌లో మా యూనివర్సిటీ లైబ్రరీ బయట కూర్చుని యాపిల్ కొరికితే, కుడివైపు కింది దవడపన్ను కదిలింది. నొప్పేమీ లేదు. నొప్పి ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. లేదు కాబట్టి ఆ వైపు నమలడం మానేసి రెండు నెలలు హాయిగా తిరిగాను. షేవింగ్ చేసుకుంటుంటే కుడి బుగ్గ కింద గట్టిగా ఏదో తగిలేది. ఒళ్లు చేశానేమో అనుకున్నాను. ఒళ్లు చేస్తే ఒక్క బుగ్గే చేస్తుందా అని ఆలోచించే బుర్ర అప్పుడు లేదు.

కనిపెట్టింది రవి అన్న. మెల్‌బోర్న్ శివార్లలో, టార్నీట్‌లో మేం అద్దెకున్న ఇంట్లో నా పక్క గది ఆయనది, ఊరు ఖమ్మం.

"తమ్మీ, నీ మొఖం ఒక దిక్కు ఉబ్బింది. చూస్కున్నవా?"

"పన్నే అన్నా, తగ్గిపోద్దిలే."

"పన్ను కాడ ఉబ్బితే పన్ను. ఇది దవడ. నడువు, డెంటిస్ట్ దగ్గరికి పోదాం."

డెంటిస్ట్ ఓపీజీ తీశాడు. రెండు దవడలూ కలిపి కనపడే ఎక్స్‌రే అది. అప్పటిదాకా సరదాగా మాట్లాడుతున్న మనిషి స్క్రీన్ చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కుడివైపు ఎముక ఉండాల్సిన చోట నల్లగా, బుడగలు బుడగలుగా ఉంది. "ఐ డోంట్ లైక్ ద లుక్ ఆఫ్ దిస్" అని, అప్పటికప్పుడే హాస్పిటల్‌కి రిఫరల్ రాసిచ్చాడు.

సీటీ స్కాన్, బయాప్సీ అయ్యాక పేరు తేలింది. అమెలోబ్లాస్టోమా. క్యాన్సర్ కాదన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, కానీ ఎముకని తినుకుంటూ పోతుంది, కింది దవడ కుడి సగం తీసెయ్యాలి అన్నారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు.

రెండో అపాయింట్‌మెంట్‌లో ప్లాస్టిక్ సర్జన్ వచ్చింది. ప్లాస్టిక్ సర్జన్ అంటే ముక్కులు సన్నం చేసేవాళ్లనే నాకు తెలుసు. ఈవిడ నా కాల్లోంచి ఫిబ్యులా అనే ఎముక తీసి, ముక్కలు చేసి, ప్లేటుతో బిగించి దవడ కడుతుందట. ఎడమ దవడ బొమ్మని కంప్యూటర్లో తిరగేసి కుడివైపు పెట్టి చూపించింది. ముందులాగే ఉంటానా అని అడిగాను.

"మీరు మీలాగే ఉంటారు. అచ్చం ముందులాగే అని మాత్రం మాటివ్వలేను" అంది. ఆ రెంటికీ తేడా ఏంటో నేను అడగలేదు.

అమ్మకి చెప్పలేదు. అమ్మ ఒంగోల్లో స్కూల్లో లెక్కలు చెబుతుంది. నాన్న పోయాక ఆవిడకి నేనే, నాకు ఆవిడే. పన్ను ఆపరేషన్ అన్నాను. కాస్త తగ్గాక, మొహం చక్కబడ్డాక చూపిద్దాంలే అనుకున్నాను. ఈ మొత్తం కథలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే.

ఆపరేషన్ పది గంటలు పట్టిందట. ఐసీయూలో కళ్లు తెరిస్తే గొంతులో ట్యూబు, ముక్కులో ట్యూబు, కాలికి కట్టు. గంటకోసారి నర్స్ వచ్చి డాప్లర్ అనే పెన్నులాంటిది పెట్టి, కొత్త దవడకి రక్తం అందుతోందో లేదో వినేది. రెండో రోజు విని, ఇంకొకర్ని పిలిచి మళ్లీ వినిపించింది. ఫ్లాప్, అంటే కాల్లోంచి తెచ్చి అతికించిన భాగం, రంగు మారుతోంది, మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాలి అన్నారు. నాకు మాట రాదు. పలక మీద ఓకే అని రాశాను. అంతకుమించి నా చేతిలో ఏముంది? ఏడుద్దామన్నా ఆ ట్యూబులతో కుదర్లేదు.

ఫ్లాప్ బతికింది. కింది పెదవి కుడిమూల మాత్రం జారిపోయింది. నరం దెబ్బతింది, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

ఇంటికొచ్చాక నా ఫోన్ నన్ను గుర్తుపట్టలేదు. మొహం పెడితే తెరుచుకోదు, పిన్ కొట్టాల్సిందే. రోజుకి యాభైసార్లు కొట్టేవాణ్ణి. నెలన్నర పోయాక ఒకరోజు దానంతటదే తెరుచుకుంది. ప్రతిసారీ ఈ కొత్త మొహం చూపించి వెంటనే పిన్ కొట్టడం వల్ల అదే కొంచెం కొంచెంగా నేర్చుకుందని రవి అన్న చెప్పాడు.

ఇంటికొచ్చిన ఏడోవారం ఆన్‌లైన్ పరీక్ష. ఇంట్లోనే రాయాలి. మొదట వెబ్‌క్యామ్ మన మొహాన్ని స్టూడెంట్ కార్డు ఫోటోతో పోల్చుకుంటుంది. నేనిచ్చిన ఫోటో ఒంగోల్లో స్టూడియోలో దిగింది. స్టూడియో ఆయన నన్ను తెల్లగా చేసి, గడ్డం మీద మచ్చ తీసేసి, బుగ్గలు సమానం చేసి ఇచ్చాడు. లెక్కప్రకారం నా మొహానికి మొదటి సర్జరీ చేసింది ఆయనే.

వెరిఫై కాలేదు. మళ్లీ ప్రయత్నించాను, కాలేదు. పరీక్ష చూసే మనిషెవరో చాట్‌లో మెసేజ్ పెట్టారు: ముఖానికి అడ్డుగా ఉన్నవి తీసేయండి. అడ్డుగా ఏమీ లేదు. సర్జరీ అయింది అని టైప్ చేశాను. ముఖానికి అడ్డుగా ఉన్నవి తీసేయండి అని మళ్లీ అదే వచ్చింది.

ఇంకొక్క ఛాన్సే ఉంది. కంగారులో పాస్‌పోర్ట్ తెరిచి, ఫోటో ఉన్న పేజీని నా మొహం ముందు, కెమెరాకి ఎదురుగా పెట్టాను. ఏ ఆఫీసుకెళ్లినా కౌంటర్లో పాస్‌పోర్ట్ చూపిస్తే పనైపోతుంది కదా, ఇక్కడా అంతే అనుకున్నాను. స్క్రీన్ లాక్ అయిపోయింది.

మర్నాడు యూని నుంచి మెయిల్. ఫోటో అడ్డం పెట్టి సిస్టమ్‌ని మోసం చేయబోయాను, నా బదులు ఇంకెవరో పరీక్షకి కూర్చున్నట్టు అనుమానం, విచారణకి రావాలి. రుజువైతే అడ్మిషన్ పోతుంది. అడ్మిషన్ పోతే వీసా పోతుంది.

ఆ మెయిల్ చూపించి సర్జన్‌ని లెటర్ అడిగాను. "మనుషులు చూసి గుర్తుపట్టేలా కట్టాం. మెషిన్ సంగతి మాకు తట్టలేదు. ఆపరేషన్‌కి ముందే మీకు చెప్పి ఉండాల్సింది, ఐయామ్ సారీ" అంది. జరిగిన సర్జరీ గురించి పేజీ నిండా లెటర్ రాసిచ్చింది.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. స్క్రీన్ మీద ఫోటో చూస్తారు, నన్ను చూస్తారు, మళ్లీ ఫోటో చూస్తారు. "ఇతను నాకు ఏడాదిగా తెలుసు" అన్నాడు సాక్షిగా వచ్చిన రవి అన్న. మీరు అదే ఇంట్లో ఉంటారు కాబట్టి మీ సాక్ష్యం లెక్కలోకి రాదు అన్నారు, చాలా మర్యాదగా. నేను మాట్లాడబోతే పెదవి మూలనుంచి చొంగ కారింది. టిష్యూ అందించి, తుడుచుకునేదాకా ఆగారు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

లెటర్ పనిచేసింది. రెండు వారాలకి ఫలితం వచ్చింది: ఆరోపణ రుజువు కాలేదు, వచ్చే సెమిస్టర్‌లో క్యాంపస్‌కి వచ్చి పరీక్ష రాయవచ్చు. నువ్వు నువ్వే అని మాత్రం అందులో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

ఆ వారమే, ఇక దాచింది చాలని, అమ్మకి వీడియో కాల్ చేశాను. అప్పటికి నాలుగు నెలలు ఆవిడ నా గొంతే వింటోంది.

అమ్మ ఏడవలేదు. అరవలేదు. కాసేపు చూసి, "వెలుతురు లేదు నాన్నా, కిటికీ వైపు తిరుగు" అంది. తిరిగాను. నా ఎడమవైపు ఆవిడకి కనపడింది. "ఆఁ, అలాగే ఉండు" అని, స్కూల్లో కొత్త హెడ్మాస్టర్ గురించి అరగంట చెప్పింది.

ఇది జరిగి రెండేళ్లయింది. కోర్సు పూర్తయింది, ఉద్యోగం దొరికింది. ఆర్నెల్లకోసారి స్కాన్‌కి వెళ్తాను, ఇప్పటిదాకా శుభ్రంగా ఉంది. పెదవి ఇంకా పూర్తిగా రాలేదు. కొత్త ఫోటో ఇచ్చాక యూని, బ్యాంక్ అన్నీ నన్ను ఒప్పుకున్నాయి.

ప్రతి ఆదివారం అమ్మతో మాట్లాడతాను, ఎడమవైపు పెట్టుకునే కూర్చుంటాను. పోయిన వారం కావాలనే నేరుగా తిరిగాను. అమ్మ చెప్తున్న మాట మధ్యలో ఆగిపోయింది. "సిగ్నల్ పోయినట్టుంది నాన్నా" అంది. సిగ్నల్ బాగానే ఉంది. మళ్లీ పక్కకి తిరిగాను.

ముఖానికి ఆపరేషన్ ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. తగ్గాక చూపిద్దాం అని ఆగొద్దు. కుట్లుండగానే, వాపుండగానే, మొదటిరోజునుంచే ఇంట్లోవాళ్లకి చూపించండి. యూనికైతే సర్జన్ లెటర్ రాసిస్తుంది. అమ్మకి రాసిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.