మూత వేసినదానికి తేదీ

ఇది ఇంతకుముందే రాయవలసింది. రాయలేకపోవడానికి కారణం చిన్నదే, నాకు రాయడం వచ్చేది కాదు. తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ చంకనేసుకుని తిరగడంలో బడి వయసు అయిపోయింది. తర్వాతి వయసంతా అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టళ్ళ వంటిళ్ళలో గడిచింది. యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. వచ్చాక కూడా ఎస్తేరమ్మ గారి గురించి రాయడానికి వెనకాడాను. ఆమె ఉండగా రాస్తే, తన గురించి ఏం రాశానో చూడకముందే తప్పులు చూసేవారు, పెన్సిలు చెక్కుకుని మరీ కూర్చునేవారు. ఇప్పుడు దిద్దేవాళ్ళు లేరు కనుక ధైర్యం చేస్తున్నాను.

ఈ వారం పంజాగుట్టలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి పాలడబ్బా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. రేకు చల్లగా ఉంది. నా బొటనవేలు నన్ను అడగకుండానే డబ్బా అడుగుకి పోయింది. అక్కడ నొక్కి వేసిన అంకెలు గరుకుగా తగిలాయి. కళ్ళకంటే ముందు వేలే వాటిని చదవడం మొదలుపెట్టింది. దుకాణంలో పనిచేసే అమ్మాయి నన్ను చూసి, "ఆంటీ, రేటు కింద లేదు, గీ పక్కకు ఉంది" అని చూపించింది. నవ్వొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఇదే పొరపాటు నేను ఎస్తేరమ్మ గారి ముందు చేశాను.

అది మా చర్చిలో కోత పండుగ రోజు. పల్లెల్లో ఈ పండుగకు వరి కంకులు, కోళ్ళు, కూరగాయలు తెచ్చి దేవుడికి అర్పిస్తారు. మా అమీర్‌పేట చర్చికి వచ్చేవాళ్ళకు పొలాలెక్కడివి. నర్సులు, ఆటో నడిపేవాళ్ళు, ఎర్రమంజిల్ ఆఫీసుల్లో గుమాస్తాలు. వాళ్ళకు పంటంటే నెల జీతం. అందుకని నూనె ప్యాకెట్లు, బిస్కెట్లు, సేమియా, టీపొడి తెస్తారు. ఒకరిద్దరు మాత్రం పండుగ పండుగలా కనిపించాలని గుమ్మడికాయో కోడిపుంజో కొని తెస్తారు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు, మిగిలినవి పిల్లల ఆశ్రమానికి పంపుతారు. ఆ ఏడు నాకు బుట్టలు మోసే పని ఇచ్చారు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో తెల్లచీర కట్టుకున్న ఒకావిడ కూర్చుని, భూతద్దం పెట్టి, వచ్చిన ప్రతి ప్యాకెట్టునూ తలకిందులు చేసి చూస్తున్నారు.

"రేటు చూస్తున్నరా అమ్మా?" అని అడిగాను.

"రేటు దేవుడు చూసుకుంటాడు. నేను తేదీ చూస్తున్నాను" అన్నారు ఆమె, తల ఎత్తకుండానే.

ఆమె గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆహార పదార్థాలను పరీక్షించే ప్రభుత్వ ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. చర్చిలో అందరూ ల్యాబు ఎస్తేరమ్మ అనేవారు, కొందరు ప్రేమగా, కొందరు కాదు. ఆ రోజు ఆమె పక్కన రెండు గంపలు, ఒక గోనెసంచి ఉన్నాయి. మంచివి ఒక గంపలోకి, కొన్ని సంచిలోకి వెళ్తున్నాయి. ఇంకొన్నిటిని మాత్రం ఆమె అక్కడికక్కడే విప్పి, వాసన చూసి, ఓ ముక్క నోట్లో వేసుకుని, రెండో గంపలో పెడుతున్నారు. గడువు అయిపోయినవే అయితే ఇవెందుకు తింటున్నట్టు అని నాకు ఆరోజంతా అదే ఆలోచన. సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను.

"రెండు రకాల తేదీలుంటాయి అమ్మాయ్" అన్నారు. "ఒకటేమో, ఈలోపు తింటే రుచి బాగుంటుంది అని చెప్పేది. అది దాటితే ముక్కూ నాలుకా అడిగి తినొచ్చు. ఇంకొకటి, ఇది దాటాక తినొద్దు అని చెప్పేది. దానితో బేరం లేదు. ఈ రెండూ ఒకటే అనుకుని సగం ఊరు మంచివి పారేస్తుంది, మిగతా సగం చెడ్డవి తింటుంది."

నేను అప్పటికి ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్నాను. పప్పు పుచ్చిందో లేదో చేత్తో పట్టుకుంటే తెలిసేది. కానీ మూసిన ప్యాకెట్టు మీద ఎవరో ఇంత మాట రాసి పెడతారని, అది నా కోసమేనని నాకెవరూ చెప్పలేదు. ఆ చిన్న చుక్కల అచ్చును కంపెనీవాళ్ళ సొంత గుర్తు అనుకునేదాన్ని.

హాస్టల్లో మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక సాయంత్రం టీ దాకా నాకు ఖాళీ. ఆ వేళకు ఆమె ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. బల్ల మీద ప్యాకెట్లు పరిచి తేదీ ఎక్కడుందో వెతకమనేవారు. కూల్‌డ్రింకు సీసాకు మెడ దగ్గర ఉంటుంది, నూనె ప్యాకెట్టుకు అతుకు మీద, బిస్కెట్లకు మడత కింద. ఒక సీసా మీద 'మూత మీద చూడండి' అని ఉంది, మూత మీద చూస్తే ఏమీ లేదు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇల్లు చూపించి తలుపు దాచేశాడు వీడు" అని చిన్నపిల్లలా నవ్వారు. ఉద్యోగం వదిలి ఎన్నేళ్ళయినా ఆమెకు ఆ ఆసక్తి పోలేదు. కొత్త ప్యాకెట్టు ఏదైనా కనిపిస్తే ముందు అడుగు భాగమే చూసేవారు.

"గీ తేదీ ఎవరు ఏస్తరమ్మా, గవర్నమెంటోళ్ళా?" అని ఒకరోజు అడిగాను.

"కాదు, తయారుచేసినవాడే వేస్తాడు. కొన్ని ప్యాకెట్లు వేడిగా ఉండే బీరువాలో పెట్టి, అప్పుడొకటి అప్పుడొకటి విప్పి పరీక్షిస్తారు. ఎప్పుడు పాడవుతోందో చూసి, దానికి కాస్త ముందే తేదీ వేస్తారు. ప్రభుత్వం చెప్పేది ఏంటంటే, వెయ్యి, కనపడేటట్టు వెయ్యి, వేశాక మార్చకు."

"మరి వాడు అబద్ధం ఏస్తే?"

"అప్పుడది మా బల్ల మీదికి వచ్చేది" అన్నారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్తూ దాన్నే తలుచుకున్నాను. ఎక్కడో ఏ ఊళ్ళోనో ఉన్న మనిషి, నా ముఖం ఎప్పుడూ చూడనివాడు, ఫలానా రోజు దాకా నువ్వు దీన్ని భయం లేకుండా తినొచ్చు అని నాకు మాటిస్తున్నాడు. ఆ మాట చదవలేకపోతే వాడు ఇచ్చీ లాభం లేదు. నాకు చదువు కావాలని అంతగా అనిపించింది అప్పుడే. మొదట అంకెలు నేర్చుకున్నాను. తర్వాత ఇంగ్లీషు నెలల పేర్లు, అక్షరాలుగా కాదు, ముగ్గుల్లా గుర్తుపెట్టుకుని. మార్చికీ మేకీ మొదటి రెండక్షరాలు ఒకటే, మూడోది చూసేదాకా తొందరపడొద్దని ఆమె ఎన్నిసార్లు చెప్పారో. తెలుగు అక్షరాలు నాకు చివర్న వచ్చాయి. ప్యాకెట్ల మీద తెలుగు లేదెందుకని అడిగితే, ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలునని, మిగతా భాషలు వాళ్ళ ఇష్టమని చెప్పారు. "నేను పైకి రాసి చూశాను. జవాబు రాలేదు. నువ్వు నేర్చుకో, అదో జవాబు" అన్నారు.

వేలం వేసేది ఇమ్మానుయేలు గారు. సంఘ పెద్ద, పంజాగుట్టలో కిరాణా కొట్టు ఉంది, మంచి గొంతు. ఒక్క కోడిగుడ్డుకు కూడా పాట పెంచగలిగిన మనిషి. ఒక ఏడు ఆయన తన కొట్టు నుంచి రెండు డబ్బాల నిండా నూడుల్స్ తెచ్చి గేటు దగ్గర దింపించారు. ఎస్తేరమ్మ గారు నాలుగైదు తిప్పి చూసి, మొత్తం పక్కకు పెట్టించారు.

"దేవునికిచ్చినదానికి సుత డేట్లు చూసుడేందమ్మా?" అన్నారు ఆయన.

"దేవుడు తినడు ఇమ్మానుయేలు గారూ. ఆశ్రమంలో పిల్లలు తింటారు."

"మా కొట్ల మస్తు మంది ఇయ్యే కొంటున్నరు, ఎవలకేం కాలే. నలుగురిల ఇజ్జత్ తీస్తున్నరు మీరు."

ఆయన నిజంగా చూసుకోలేదనే నేననుకుంటాను. కానీ చాలా బాధపడ్డారు. ఆ ఏడాదంతా కమిటీలో ఇదే మాట నడిచింది. కానుకలను పరీక్షించడం తెచ్చినవాళ్ళను అవమానించడమేనని కొందరన్నారు. చివరికి పాస్టర్ గారు, ఇంకొక్క ఏడు చూద్దాం, ఈసారి కూడా గొడవైతే గేటు దగ్గర కుర్చీ తీసేద్దాం అని తేల్చారు. అదే ఏడు ఎస్తేరమ్మ గారి చూపు బాగా తగ్గింది. నీటికాసులన్నారు డాక్టర్లు, పోయిన చూపు రాదన్నారు. ఆ కుర్చీలో నన్ను కూర్చోమన్నారు ఆమె.

"నా వల్ల గొడవైతే అంతా పోతదమ్మా" అన్నాను.

"గొడవవుతుందని ఒక్కరిని వదిలావో, అప్పుడే పోతుంది" అన్నారు.

పండుగ రోజు ఇమ్మానుయేలు గారు గేటు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన తెచ్చిన సరుకులు ఈసారి అన్నీ సరిగ్గా ఉన్నాయి. గుమ్మడికాయలు వెళ్ళాయి, పుంజు వెళ్ళింది, సేమియాలు వెళ్ళాయి. ఇంతలో ఎస్తేరమ్మ గారు ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో ఆవకాయ సీసా ఒడిలో పొదువుకుని వచ్చారు. ఆమె ఆవకాయకు ప్రతి ఏడూ అన్నిటికంటే పెద్ద పాట. ఎవరో అలవాటుగా సీసా అందుకుని లోపలికి తీసుకుపోబోయారు. నేను చెయ్యి చాచాను.

"ఎస్తేరమ్మ గారి ఆవకాయకు సుత చెకింగా సిస్టర్?" అన్నారు ఇమ్మానుయేలు గారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు దేనికోసం ఎదురుచూస్తోందో నాకు తెలుసు.

సీసా చుట్టూ తిప్పాను. అడుగు చూశాను, మూత చూశాను. "అమ్మా, దీనిమీద తేదీ లేదు" అన్నాను.

"ఏంటి సుగుణా, కారం కలిపింది నువ్వే కదా. ఎప్పుడు పెట్టామో నీకు తెలీదా?"

"నాకు ఎర్కనే. కొనుక్కునేటోళ్ళకు ఎర్క లేదు కదమ్మా."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె ముఖంలో మాత్రం, తేదీ ఎన్నడూ లేని చోట దొరికినప్పుడు ఉండే ఆశ్చర్యమే ఉంది. "ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు" అన్నారు నెమ్మదిగా. "నాకూ తోచలేదు."

"మరి గుమ్మడికాయను అడగలేదేంది?" అన్నారు ఇమ్మానుయేలు గారు.

"గుమ్మడికాయ కళ్ళకు కనపడుతుంది. పుంజు కూస్తుంది. మూత వేసింది నోరు విప్పదు కదండీ, దాని తరఫున మనమే చెప్పాలి" అని ఆమె నా వైపు తిరిగారు. "రాయి అయితే."

నలుగురి ముందు నేనెప్పుడూ రాయలేదు. ఇమ్మానుయేలు గారే జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. ఖాళీ కానుక కవరు చింపి, మే నెలలో పెట్టినదని తెలుగులో రాశాను. ఎప్పటిదాకా అని రాయాలో అడిగాను. "నా ఉద్యోగమంతా వేరేవాళ్ళు వేసిన తేదీలు నిజమా కాదా అని చూడడమే. సొంతంగా ఒక్కటీ వేయలేదు" అన్నారు. తర్వాత ఉప్పు ఎంత పడిందో, పైన నూనె ఎంత తేలిందో నన్నడిగారు. తడి గరిటె పెట్టేవాళ్ళు ఉంటారని, వాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలని తనలో తాను అనుకున్నారు. చివరికి, "వచ్చే కోత పండుగ దాకా రుచి బాగుంటుంది, ఆ తర్వాత వాసన చూసి తినండి అని రాయి. కింద నా పేరు వెయ్యి" అన్నారు. అలాగే రాసి, కవరు అంచున ఉన్న జిగురు తడిపి కాగితాన్ని సీసాకు అంటించాను.

వేలంలో ఇమ్మానుయేలు గారు ఆ కాగితాన్ని ముందు పైకి చదివారు, చదవడం రానివాళ్ళకు కూడా వినపడేటట్టు. ఆ తర్వాత పాట మొదలుపెట్టి తానే పెంచుకుంటూ పోయారు. "ఏలం ఏసేటోడే పాడుకుంటే ఎట్లన్నా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "నా నూడుల్స్ ఆపిన ఆమెదిరా భాయ్ గిది. నేను తినకుంటే ఇంకెవడు తినాలె" అన్నారు ఆయన. కుర్చీ తీసేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి వానాకాలంలో ఎస్తేరమ్మ గారు పోయారు. నాకు ఆమె ఇచ్చినది చదువు అంటారు అందరూ. అది నిజమే కానీ, చదువు కంటే నాలో ఎక్కువగా మిగిలింది ఆమె అడిగే పద్ధతి అనిపిస్తుంది. మూత వేసి ఉన్నది ఏది చేతికొచ్చినా తిప్పి చూస్తాను. ఈ మాట ఎవరిది, ఎప్పటిదాకా చెల్లుతుంది అని అడుగుతాను. హాస్టల్లో పిల్లలు నవ్వుతారు. నవ్వుతూనే వాళ్ళూ తిప్పి చూడడం మొదలుపెట్టారు.

ఆమె లేని మొదటి కోత పండుగ సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక ఇమ్మానుయేలు గారు నా దగ్గరికి వచ్చి ఆ సీసా ఇచ్చారు. అడుగున నాలుగు ముక్కలు మిగిలి ఉన్నాయి.

"గడువు ఇయ్యాల్టితోని అయిపోతది సిస్టర్. పారేయబుద్ధి కాలే, తినబుద్ధి కాలే. రాసింది నువ్వు, నువ్వే చెప్పు" అన్నారు.

"రాసింది నేను. మాట ఆమెది" అన్నాను.

"ఆమె లేదు కద."

సీసా ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున అన్నం వార్చి, మూత తీసి వాసన చూశాను. ఆవ ఘాటు తగ్గింది, ముక్క మెత్తబడింది, చెడిపోలేదు. వేడన్నంలో కలుపుకుని నాలుగు ముక్కలూ తిన్నాను. తర్వాత సీసాను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాను. నా చేతిరాతతో ఆమె పేరున్న కాగితం అంచుల దగ్గర లేచింది. దాచుకుందామా అని కొంతసేపు ఆగాను. మే నెలలో ఆ సీసాలోనే మళ్ళీ పచ్చడి పెడతాను. కొత్త పచ్చడి మీద పాత తేదీ ఉండకూడదు. గోటితో గీకి కాగితం మొత్తం తీసేసి, సీసా తోమి, ఎండలో బోర్లించి పనికి వెళ్ళాను.