వంకర మూతి కుండలు

డ్రాయింగు టీచరమ్మకు చేతులు ఊరుకోవు. ఇరవై ఏళ్లుగా చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పుతోంది, అయినా వంకర గీత కనబడితే ప్రాణం విలవిల్లాడుతుంది. ఇంట్లో కర్టెన్లు రోజుకు పదిసార్లు సర్దుతుంది. "ఇంకా నయం, నా ముక్కు జోలికి రాలేదు," అంటాడు భర్త.

మర్నాడు తల్లిదండ్రులు చూడ్డానికి వస్తారనగా, రెండో తరగతి పిల్లలు బంకమట్టితో చేసిన ముప్పై కుండలు బల్ల మీద ఆరుతున్నాయి. ఒకదాని మూతి వంకర, ఇంకొకదాని ఒళ్లంతా వేలిముద్రలు. ఆరాక వాటి మీద పిల్లల చేత పేర్లు రాయించాలి. బడి వదిలాక, ఒక్కదాన్ని సరిచేద్దామని ఆవిడ తడిగుడ్డ అందుకుంది. ఎవరడిగారు? పక్కది చిన్నబోయినట్టనిపించి దాన్నీ సరిచేసింది. చివరి కుండ నున్నబడేదాకా కుదురుగా కూర్చోలేకపోయింది.

పొద్దున వచ్చిన తల్లులు తెగ మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం ఇంకా కుండల వరుస సర్దుతూనే ఉంది. రెండు జడల పిల్ల ఒకతి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని బల్ల చుట్టూ మూడోసారి తిరుగుతోంది.

"నీది ఏదే?" అంది తల్లి.

పిల్ల టీచరమ్మ వైపు తిరిగింది.

"టీచర్, ఇవన్నీ మీరు చేసినవి కదా. మావి ఎక్కడ పెట్టారు?"