ఎడమచేతి కత్తెర

ముందు కిరసనాయిలు వాసన వస్తుంది, దాని అడుగున గొర్రె ఉన్ని జిడ్డు వాసన. ఏటా తొలకరికి ముందు ఈ కత్తెర విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తాను. తాండూరులో మందు కొట్టే పంపులు బాగుచేసే నా దుకాణంలో దీంతో పనేమీ లేదు. గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర ఇది. అయినా ఆ వాసన తగిలితే పని ఆపి ఊరికే కూర్చుంటాను, బీరయ్య తాత గుర్తొస్తాడు.

బషీరాబాద్ దగ్గరి మా ఊళ్లో తాతది మా పక్కిల్లు. ఆయన ఉదయం గొర్రెల వెంట వెళ్లి పొద్దుగూకాక వచ్చేవాడు. నేను అప్పట్లో బండలు పాలిష్ చేసే చోట పని చేసేవాణ్ని. ఒకరోజు నాపరాతి బండ జారి నా కుడిచేతి మీద పడింది. వికారాబాద్ ఆస్పత్రిలో చెయ్యి నిలబెట్టారు గాని వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. పని పోయినందుకు బాధపడ్డాను, నిజమే. కానీ నన్ను కుంగదీసింది మాత్రం తిండి. ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే మా ఇళ్లలో ఎంత తప్పో చెప్పక్కర్లేదు. చెంచా పట్టడం నామోషీ. నా భార్య సావిత్రి తలుపు వేసి ముద్దలు కలిపి పెట్టేది. ఆమె ముందు నోరు తెరిచిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసేది. పెళ్లిళ్లు మానేశాను, ఎవరు పిలిచినా ఒంట్లో బాగాలేదని చెప్పించేవాణ్ని. ఇక మనుషుల్లో కలవలేననే అనుకున్నాను.

అలాంటి రోజుల్లో తాత ఒక సాయంత్రం వచ్చి తుప్పు పట్టిన ఇనుప ముద్దను నా ఒళ్లో పెట్టాడు.

“నా పాత కత్తెర. చూరుల పెట్టి మర్సిన. వానకు తడిసి బిగుసుకపోయింది. జర ఇప్పి ఇయ్యి.”

“నాతోని ఏమైతది తాతా? చెయ్యి చూస్తలేవా?”

“గా చెయ్యినెవలు అడిగిన్రు? నేను గీ చెయ్యిని అడుగుతున్న,” అని నా ఎడమచేతి మీద చిన్నగా తట్టాడు.

నట్టు చుట్టూ గుడ్డపీలిక చుట్టి కిరసనాయిలు పోసి వదిలేశాం. నాకు ఓపిక ఎక్కడిది, మర్నాడే పానా పట్టాను. కదల్లేదు. కోపమొచ్చి సుత్తె అందుకుంటే తాత లాక్కున్నాడు.

“కొడితే బోల్టు ఇరుగుతది. ఎవల మీది కోపం దాని మీద తీస్తవ్?”

పోనీ నిప్పుల్లో పెడతానంటే, ఉక్కు మెత్తబడుతుందని అదీ వద్దన్నాడు. రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేవాడు, తను మాత్రం ముట్టుకునేవాడు కాదు. నేను కత్తెర పిడిని పాదాల మధ్య ఇరికించుకుని, ఉప్పు కాగితంతో తుప్పు గీకి, మళ్లీ కిరసనాయిలు పోసి, నట్టును ఎడమచేత్తో కాస్త ఇటు, కాస్త అటు ఆడించేవాణ్ని. పానా జారి కణుపుల మీద తోలు లేచేది. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టేవాణ్ని. తాత బీడీ తాగుతూ అన్నీ వినేవాడు.

చివరికి ఒకరోజు కిర్రుమని చిన్న చప్పుడైంది. నట్టు తిరిగింది. బోల్టు లాగి రెండు రెక్కలూ విడదీసి నేల మీద పెట్టాక నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తుడిచి, నూరి, మళ్లీ బిగించి ఉన్ని మీద పెడితే మాత్రం తెగలేదు. ఉన్ని రెక్కల మధ్య మడతపడింది.

“మందికున్న కత్తెర లెక్క బిగిస్తివి. నాది ఉల్టా ఉంటది,” అన్నాడు తాత.

ఆయనది ఎడమచేతి వాటం. కమ్మరి దగ్గర కూర్చుని తన చేతికి తగ్గట్టు చేయించుకున్నాడట. కింది రెక్క పైకి మార్చి, ఎడమచేత్తో పట్టాను. కరకరా తెగింది.

ఆ వారంలోనే ఆయన మనవరాలి పెళ్లి. నేను రానన్నాను.

“పెండ్లిల మంది కూర దిక్కు చూస్తరు, నీ దిక్కు గాదు. నడువు,” అని వెంటబెట్టుకుని వెళ్లాడు.

బంతిలో నన్ను కూర్చోబెట్టి పక్కనే తానూ కూర్చున్నాడు. అన్నం, మటన్ కూర వడ్డించారు. నేను తల దించుకుని అలాగే ఉండిపోయాను. తాత పనంతా ఎడమచేత్తో చేసినా తిండి మాత్రం కుడిచేత్తోనే తినేవాడు. చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్న అలవాటు అది. ఆ రోజు కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో అన్నం కలిపాడు. గొర్రె మెడ కింద చిన్న గాటైనా పడకుండా బొచ్చు తీసే ఆ చేతికి ముద్ద కట్టడం చేతకాలేదు. మెతుకులు ధోవతి మీద రాలాయి. ఎదురు బంతిలో వాళ్లు తలలెత్తి చూశారు.

“అన్నా, గదేంది, ఎడమచెయ్యి?” అన్నాడు ఆయన తమ్ముడు.

“ఆకలైతున్నది. నువ్వు తిను,” అన్నాడు తాత. నా వైపు చూడనైనా లేదు.

నేను ఎడమచెయ్యి విస్తట్లో పెట్టాను.

తాత పోయి చాలా ఏళ్లయింది. పోయేముందు ఈ కత్తెర నాకే ఇచ్చాడు. ఆయన దినాల నాడు అందరి మధ్యా కూర్చున్నాను. పక్కన ఆ తమ్ముడే కూర్చున్నాడు. నేను అన్నం కలుపుతుంటే నా మోచేతికి అడ్డం లేకుండా తన విస్తరి కొంచెం అవతలికి జరుపుకున్నాడు. ఇప్పుడు ఎవరు పిలిచినా వెళ్తాను, అందరితోపాటే తింటాను. మొదటి ముద్ద ఎత్తేముందు మాత్రం ఈనాటికీ ఒకసారి చుట్టూ చూస్తాను.