లీలావతి గారి మెస్ బోర్డు

దేశ రాజధానిలో, కోచింగ్ పిల్లలుండే బేర్ సరాయ్‌లో లీలావతి గారి మెస్‌కి పదిహేడేళ్లుగా ఒకటే బోర్డు. గుడివాడలో రాయించి, రైల్లో బెర్తు కింద పెట్టి తెచ్చుకున్న రేకు బోర్డు. దాని మీద ‘ఆంధ్రా భోజనం’ అని తెలుగులో తప్ప మరో ముక్క లేదు. కోచింగ్ రోజుల్లో అక్కడే తిని, ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారాలు వదలని వాణ్ణి కాబట్టి, ఆ అక్షరాలు వెలిసిపోవడం కళ్లారా చూశాను. చెబితే వినే మనిషా ఆవిడ?

బిల్డింగ్ ఓనరు చౌధరీకి ఆ బోర్డంటే ఒళ్లుమంట. లైట్లు వెలిగే ఇంగ్లీషు బోర్డు పెట్టమని ఏటా పోరేవాడు. ఈసారి మాత్రం నెలాఖరులోగా మార్చకపోతే ఖాళీ చెయ్యమన్నాడు.

“చదవగలిగినన్నాళ్లు మార్చను, భయ్యా” అంది ఆవిడ, తనకొచ్చిన హిందీలో.

దానికి ఆవిడ దగ్గరో పరీక్ష ఉంది. ప్రతి జూన్‌లో, భోజనానికి వచ్చినవాళ్లలో ఒకరిని ఎదుటి పుస్తకాల షాపు మెట్ల మీద నిలబెట్టి బోర్డు చదవమంటుంది. చదివితే ఆ పూట రెండు గారెలు ఎక్కువ. గారెలిస్తానంటే ఎవడు చదవడు? తెలిసిన పేరేగా, నేనూ గడగడా చదివేసినవాణ్ణే.

ఈ జూన్‌లో అనంతపురం నుంచి అక్షర అనే అమ్మాయి వచ్చింది. పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ ఏడ్చేసింది.

“నేనొచ్చి పదకొండు దినాలాయ ఆంటీ. పక్క సందులోనే ఉండా. దినామూ దీని ముందరే పోతాంటి. బోర్డులో ఏమీ కానరాక మూసేసిన అంగడనుకుంటి. బ్రెడ్డు తిని పండుకుంటాంటి.”

లీలావతి గారు గరిటె పట్టుకునే నా వైపు తిరిగింది.

“ఏవయ్యా రఘునందన్, పోయినేడు నువ్వు నిజంగా చదివావా?”

“లేదండీ.”

నాకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే స్టూలెక్కి బోర్డు తనే దింపింది. చౌధరీ తెగ సంబరపడ్డాడు. వారం తిరిగేసరికి కొత్త బోర్డు లేచింది. పసుపు మీద ఎర్రటి తెలుగు అక్షరాలు, మునుపటికి రెండింతలు. పైన లైటు. కింద సన్నగా హిందీ, ఇంగ్లీషు. పెయింటరుకి తెలుగు రాదు. ఆవిడ సుద్దముక్కతో గీసిచ్చిన గీతల మీదే రంగు వేశాడు.

చౌధరీ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “యే క్యా హై, ఆంటీజీ?”

“మార్చమన్నావు, మార్చాను. అక్షరాలు నా ఇష్టం. ఖాళీ చెయ్యమంటావా, ఠీక్ హై. పైన నీ ఇరవై గదుల్లోనూ ఉన్నది మావాళ్లే. నేనెక్కడ వండితే అక్కడికే వస్తారు, ఆలోచించుకో.”

అతను ఆలోచిస్తూనే ఉన్నాడు. ఇంతలో సందు చివర ఆటో ఆగింది. సూట్‌కేసుతో దిగిన ఒకమ్మాయి అటూ ఇటూ చూసి, తలెత్తి, నేరుగా మా వైపే నడిచి వచ్చింది.

“హటో భయ్యా” అంది లీలావతి గారు. “పిల్ల లోపలికి రావాలి.”