సీసాలు నావి, కవర్లు నీవి

లోకాన్ని బాగుచేయడం తేలిక, పొట్ట తగ్గించుకోవడమే కష్టం అని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. డిగ్రీ అయిపోయి నంద్యాలలో ఒక విత్తనాల షాపులో ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే పెద్దదేమీ కాదు, గోడౌను ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఏ లారీలో ఏ సంచులు వచ్చాయో, ఏవి పోయాయో చూసుకోవడం. పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కి కూర్చోవడం, నంద్యాలలో దిగగానే బండి దగ్గర ఉగ్గాని బజ్జీ తినడం, షాపుకు పోయి కూర్చోవడం, సాయంత్రం మళ్లీ బస్సులో కూర్చుని రావడం. ఏడాది తిరిగేసరికి నా ప్యాంట్లన్నీ ఒక్కొక్కటిగా మా నాయన దగ్గరికి చేరాయి. మా నాయన టైలరు. ఆళ్లగడ్డ బస్టాండుకు పోయే రోడ్డులో ఆయన అంగడి. నా ప్యాంటు నడుము మొదటిసారి విప్పి కుట్టినప్పుడు ఆయన ఏమీ అనలేదు. రెండోసారీ అనలేదు. మూడోసారి మాత్రం నోట్లోని గుండుసూదులు తీసి, "ఇంగ ఇప్పేకి గుడ్డ లేదురా. నువ్వే తగ్గాల" అన్నాడు.

అది నా చేతికి కొత్తగా స్మార్ట్‌ఫోను వచ్చిన కాలం. ఒకరోజు బస్సు శిరివెళ్ల దాటుతుండగా ఒక వీడియో కనిపించింది. ఏదో చలిదేశంలో తెల్లగా, సన్నగా ఉన్న మనుషులు పొద్దున్నే పరిగెత్తుతూ, దారిలో కనిపించిన చెత్తనల్లా వంగి ఏరి సంచిలో వేసుకుంటున్నారు. ఒళ్లూ తగ్గుతుంది, ఊరూ శుభ్రపడుతుంది. నా కళ్లు చెమర్చాయి (పక్క సీటాయన కునికిపాట్లు పడుతూ భుజం మీద వాలిపోవడం వల్ల కూడా కావచ్చు). ఆ సాయంత్రమే గోడౌను నుంచి ఒక కట్ట ఖాళీ సంచులు, విత్తనాలకు మందు పట్టించేటప్పుడు వేసుకునే రబ్బరు చేతొడుగులు ఒక జత అడిగి తెచ్చుకున్నాను. సంచుల మీద ఫుట్‌బాల్ అంత పత్తికాయ బొమ్మ. మా అమ్మ వాటిని చూసి "ఏందిరా ఇవి?" అంది. "సమాజ సేవమ్మా" అన్నాను. "అదేదో ఆ నంద్యాల్లోనే చేసుకోకూడదా?" అని ఆమె లోపలికి పోయింది.

మొదటిరోజు తెల్లవారి బయలుదేరాను. సంచి పట్టుకుని వంగి నడిచే మనిషి అంటే కుక్కలకు ఎందుకంత కోపమో నాకు ఇప్పటికీ తెలియదు. వీడియోలో వాళ్లు పరిగెత్తుతున్నది దీనివల్లనే కాబోలు అనుకుంటూ నేనూ పరిగెత్తాను. కుక్కల హద్దు దాటాక ఊపిరి పీల్చుకుని ఏరడం మొదలుపెడితే టీ అంగడి ఆయన బయటికొచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నావప్పా?"

"ఏం పోలేదన్నా."

"బంగారమా?"

"కాదన్నా, చెత్త ఏరుతాండా."

ఆయన జాలిగా చూసి, టీ తాగుతున్న ఇద్దరి వైపు తిరిగి "చెప్పేకి సిగ్గుపడతాండాడు. ఉంగరమే" అన్నాడు. ముగ్గురూ వచ్చి నాతోపాటు రోడ్డు పక్కన వెతకడం మొదలుపెట్టారు. వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు. పోగొట్టుకోని ఉంగరం కోసం అరగంట వెతికి, "దొరకదులే, ఇంట్లో గమ్మునుండు, మీ నాయనకు చెప్పొద్దు" అని ధైర్యం చెప్పి పోయారు.

నాలుగో రోజు అసలు మనిషి ఎదురైంది. యాభై ఏళ్లుంటాయి. చీర కుచ్చిళ్లు ఎగదోపి, భుజానికి పెద్ద గోతం, చేతిలో కొక్కెం ఉన్న ఇనుప చువ్వ. ఊళ్లో అందరూ ఆమెను సీసాలక్క అంటారు. నా ముందు నిలబడి నా సంచిలోకి తొంగి చూసింది.

"ఏమప్పా, సదువుకున్నోని మాదిరి ఉండావ్. నా సీసాలు ఎందుకు ఎత్తుకపోతాండావ్?"

"నీ సీసాలేందక్కా? రోడ్డు మీద పడుండేవి."

"రోడ్డు మీదివే. ఈ రోడ్డు నాది."

"నేను సమాజ సేవ చేస్తాండానక్కా."

"చేసుకో నాయనా, ఎవురొద్దన్నారు? నా కూటికాడ ఎందుకు చేస్తావ్? మూడు దినాలాయ, ఈ రోడ్డులో నాకొక సీసా దొరకలే. ఎవురో కొత్తోళ్లు దిగినారని ఊరంతా తిరుగుతాండా."

సమాజంలో ఆమె కూడా ఉందన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనేలేదు. మూడు రోజులుగా నేను గర్వంగా ఎత్తుకుపోయింది ఒక మనిషి పొయ్యి మీది కూడు. చెవులు వేడెక్కాయి. సంచి బోర్లించాను. ఆమె కూర్చుని సీసాలన్నీ ఏరి గోతంలో వేసుకుంది. మిగిలిన మురికి ప్లాస్టిక్ కవర్ల కుప్పను చువ్వతో నా వైపు తోసింది.

"సీసాలు, అట్టలు, ఇనుము నావి. కవర్లు నీవి."

"కవర్లు ఎవురు తీసుకుంటారక్కా?"

"ఎవురూ తీసుకోరు. అందుకే నీవి."

ఆ విధంగా మా ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత చాలా పొద్దులు రోడ్డుకు ఆమె ఒక పక్క, నేను ఒక పక్క నడిచాం. వీడియోలో ఎవరూ చెప్పని సంగతులు ఆమె చెప్పింది. కుక్క కనిపిస్తే సంచి దించి నిలబడాలి, పరిగెత్తకూడదు. నడుము వంచి ఏరకూడదు. "నడుం వంచితే నాలుగు దినాల్లో మంచం పడతావ్. మోకాళ్లు మడిచి కూచోని లెయ్" అనేది. (తర్వాత ఒక జిమ్ములో చేరితే, ఇదే పని చేయించి దానికి ఇంగ్లీషు పేరు చెప్పారు.) రెండు నెలలకు నా ప్యాంట్లు జారడం మొదలైంది. ఒంట్లో హుషారు, మనసులో గర్వం. రెండోది కొంచెం ఎక్కువగానే ఉండేది.

ఈలోగా ఊళ్లో ఒక మాట పుట్టింది. టైలరు కొడుక్కి నంద్యాలలో ఉద్యోగం పోయిందనీ, మతి కూడా కొంత పోయిందనీ, పాపం చెత్త ఏరుకుంటున్నాడనీ. ఆ మాట ఎక్కడా ఆగకుండా మా మేనమామ ఊరు అవుకు దాకా పోయింది. ఒక శుక్రవారం అవుకు నుంచి మా మేనమామ చేపల బుట్టతో దిగాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉజ్జోగం పోతే పోనీలేరా. నేను లేనా? చెరువులో చేపలు పట్టేకి ఒకరు కావాల. చెత్త మాత్రం వద్దు."

"ఉజ్జోగం పోలేదు మామా."

"అందరూ మొదట అట్లనే అంటారు."

(చేపల పులుసు మాత్రం బాగుంది. ఓదార్పు కింద మూడుసార్లు వడ్డించారు.) నాయన ఒక్కసారి, మిషను తొక్కుతూ తల ఎత్తకుండా అన్నాడు. "అంగడికి వచ్చినోళ్లు చొక్కా కొలత ఇయ్యకుండా నీ కత అడుగుతాండారు." నేను నవ్వేశాను. పెద్ద పనులు చేసేవాళ్లను లోకం మొదట అర్థం చేసుకోదని ఫోనులో చూసి ఉన్నాను.

ఒక్క సంగతిలో నేను సీసాలక్క మాట కూడా వినలేదు. నిండిన సంచులను నేను మా నాయన అంగడి పక్కన, మురికికాలువ మీది బండల అంచున పెట్టేవాణ్ణి. చెత్తబండి వచ్చి తీసుకుపోతుందని నా నమ్మకం. "ఈడ పెట్టొద్దప్పా. బండి ఆ సందులోకే వస్తాది, ఈ పక్కకు రాదు" అని ఆమె రెండుసార్లు చెప్పింది. మరుసటి రోజుకు సంచులు మాయమవుతుండేవి కాబట్టి, బండి వస్తోందని నేనే తేల్చేశాను. చదువుకున్నవాణ్ణి కదా.

వానాకాలం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం గంటసేపు కుండపోతగా కురిసింది. నాయన ఫోను చేసి "బేగా రా" అని పెట్టేశాడు. పరిగెత్తి పోయి చూస్తే రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. కాలువ పొంగి వరసలోని అంగళ్లన్నిటిలోకీ వస్తోంది. మా అంగట్లో రుద్రవరం పెళ్లివాళ్ల బట్టలున్నాయి. పెళ్లికొడుకు సూటు, చొక్కాలు, అన్నీ ఎల్లుండికి ఇవ్వాల్సినవి. నాయన సూటును ఫ్యాను కొక్కేనికి వేలాడదీసి, మిగిలిన మూటలను మిషను మీదికి ఎక్కించి, రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. నలభై ఏళ్లలో ఒక్క పెళ్లికి కూడా ఆయన బట్టలు ఆలస్యం చేయలేదు.

నేను మూటలు పట్టుకోవాల్సింది. దానికి బదులు రోడ్డు మధ్యలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. "చూడండి! ఇదంతా ప్లాస్టిక్ కవర్ల వల్లనే. మీకెవ్వరికీ బాధ్యత లేదు. నేనొక్కణ్ణే ఎంతని ఏరేది?" టీ అంగడి ఆయన, సెల్‌ఫోను రిపేరు ఆయన, ఇంకో పదిమంది నీళ్లలో నిలబడి తలలు వంచుకుని విన్నారు. అప్పుడే సీసాలక్క వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా మా అంగడి పక్కకు పోయి, చువ్వ కొక్కెం బండ సందులోకి దించి, "ఈడ అడ్డం పడింది" అని లాగింది. ఒక సంచి పైకి వచ్చింది. దాని మీద పత్తికాయ బొమ్మ.

మళ్లీ దించింది. ఇంకో పత్తికాయ. కుక్కలు లాగినవో, గాలికి జారినవో, నా సంచులన్నీ బండ కింద ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. నాలుగో సంచి వచ్చేసరికి నా ఉపన్యాసం ఏ మాట దగ్గర ఆగిందో నాకే తెలియదు. ఊరంతా కాస్త కాస్త పంచుకుని మోస్తున్న చెత్తను, రెండు నెలలు కష్టపడి, ఒక్క కవరు కూడా వదలకుండా, మా నాయన అంగడి ముందుకు చేర్చినవాణ్ణి నేనే.

"ఇవి మన టైలరు కొడుకు సంచులు గదా!" అన్నాడు టీ అంగడి ఆయన, ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే తీరిపోయేలా.

నాయన నా వైపు చూశాడు. "దిగు" అన్నాడు.

దిగాను. ఆ వాసన గురించి రాయను. చేతొడుగులు ఇంట్లో ఉండిపోయాయి. వంగి చేతులతో లాగుతుంటే పక్కన నీళ్లు కదిలాయి. చూస్తే మా నాయన, మూటలు టీ అంగడి ఆయన చేతిలో పెట్టి, లుంగీ ఎగ్గట్టి కాలువలోకి దిగుతున్నాడు. సీసాలక్క బండ మీద నిలబడి ఇద్దరికీ పని చెప్పింది. "అప్పా, నువ్వు ఆ మూల పట్టు. అన్నా, దాన్ని ఇడ్చిపెట్టు, నీ చేత కాదు." నలభై ఏళ్లుగా అందరికీ కొలతలు తీసిన మా నాయన, చెప్పినట్టల్లా చేశాడు. ఆఖరి సంచి ఊడిరాగానే కాలువ గళగళమని పెద్ద శబ్దం చేసి నీళ్లన్నీ లోపలికి గుంజుకుంది. వరసంతా ఈలలు వేసింది. సూటుకు ఏమీ కాలేదు. ఒక్క తెల్లచొక్కాకు మరక పడింది. మరుసటి రోజు నాయన తన దగ్గరున్న గుడ్డతో కొత్తది కుట్టాడు. గుండీలు నా చేత కుట్టించాడు.

తిడతాడని ఆ సాయంత్రమంతా ఎదురుచూశాను. అన్నం తింటూ ఆయన అన్నది ఇంతే. "ఏరేది నేర్చుకున్నావ్. యాడ పెట్టాల్నో తెలిసినామె చెప్తే ఇనేది నేర్చుకోలే." మజ్జిగ పోసుకుంటూ, "రోడ్డు మీద పడినాక ఏరితే ఏమొస్తాది? పడకుండా చూడాల" అన్నాడు.

ఆ వారమే ఆయన మిగులు గుడ్డముక్కలతో సంచులు కుట్టాడు. వరసలో పదకొండు అంగళ్లకు అంగడికి రెండేసి. ఒకటి సీసాలకూ అట్టలకూ, అది సీసాలక్కది. ఇంకోటి కవర్లకు, అది సందులోకి వచ్చే చెత్తబండిది. టీ అంగడి ఆయన "నాకెందుకన్నా ఈ పని?" అని గొణిగాడు. నాయన టేపు మెడలో వేసుకుంటూ "బడులు తెరిచేకి ఇంగ పది దినాలే ఉండాది. పిల్లోళ్ల యూనిఫారాలు యాడ కుట్టిస్తావో చూస్తా" అన్నాడు. సంచి వేలాడింది. నేను రెండు నెలల సేవతో సాధించలేనిది మా నాయన ఒక్క బెదిరింపుతో సాధించాడు. సీసాలక్క రోజూ దర్జాగా వరసంతా తిరిగి, ఎవరైనా సీసాల సంచిలో టీపొడి వేస్తే అక్కడే నిలబడి కడిగేసేది, సంచిని కాదు, మనిషిని. ఆ తర్వాతి వానకు కాలువ పొంగలేదు. నష్టపోయింది నేనొక్కణ్ణే. రోడ్డు మీద ఏరడానికి ఏమీ మిగలక, పొద్దున నడక మానేశాను. ఆరు నెలల్లో నా ప్యాంట్లు మళ్లీ నాయన మిషను ఎక్కాయి.

ఇప్పుడు నేను నంద్యాలలోనే కాపురముంటున్నాను. మొన్న మా కాలనీవాళ్లు వీధి బాగోగుల గురించి మీటింగు పెట్టి, నన్నూ రెండు ముక్కలు మాట్లాడమన్నారు. "ముందు మన వీధిలో సీసాలు, అట్టలు ఏరేవాళ్లు ఎవరో కనుక్కుందాం, వాళ్లను అడిగి మొదలుపెడదాం" అన్నాను. అందరూ చాలా మంచి ఆలోచన అన్నారు. కనుక్కోవడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ ఎప్పుడు కలవాలో తేల్చడానికి ఇంకో మీటింగు పెట్టుకున్నారు. ఇరవైమూడేళ్ల ఆ లావుపాటి కుర్రాడు అక్కడ ఉండి ఉంటే, ఎవరినీ అడక్కుండా, ఏమీ తెలియకుండా, ఈపాటికి లేచి వీధి చివరికి పోయి ఏదో ఒక తప్పు చేస్తూ ఉండేవాడు. నాకు ఇప్పుడు అన్నీ తెలుసు. తెలిసి, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, మైసూరుపాకు ముక్క తింటూ, వాడి కోసం వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.