మోటరు కొట్టంలో ఇంగ్లీషు మేళం

పోయిన బుధవారం కామారెడ్డిలో మా విత్తనాల దుకాణానికి ఒక కాలేజీ పంతులు వచ్చాడు. వడ్ల విత్తనాల కోసమేమో అనుకుని నేను సంచి మూతి విప్పబోతుంటే, ఆయన నోట్‌బుక్ తీసి, "సార్, మన జిల్లాల మొట్టమొదటి రాక్ బ్యాండ్ మీదేనట గద. ఎన్నేండ్లు నడిచింది? ఎన్ని పాటలు చేసిండ్రు? రికార్డింగులేమన్న ఉన్నయా?" అని అడిగాడు. ఏడేళ్లు నడిచిన మాట నిజం. పాటలెన్ని అంటే మాత్రం ఏం చెప్పాలి? మా బావ దృష్టిలో పూర్తయిన పాట ఒక్కటీ లేదు. రికార్డింగు అసలే లేదు. మరి ఏడేళ్లు మేం ఏం వెలగబెట్టినట్టు? ఆయన ఆ మాట అడగలేదు గానీ, ఆయన వెళ్లాక సాయంత్రం దాకా నన్ను నేనే అడుక్కుంటూ కూర్చున్నాను. ఆ పరధ్యానంలో జీలుగ అడిగిన రైతుకు జనుము తూచి ఇచ్చి, మర్నాడు తిట్లు కూడా తిన్నాను.

బావ అంటే మా మేనత్త కొడుకు. హైదరాబాదులో చదువు సగంలో వదిలేసి ఎల్లారెడ్డిలో బస్సు దిగేటప్పటికి ఆయన ఒక చేతిలో గిటారు, ఇంకో చేతిలో ఇంగ్లీషు క్యాసెట్ల సంచి ఉన్నాయి. మా అత్త సంచిలో చేయి పెట్టి చూసి, "బట్టలేవిరా?" అంది. బట్టలు హాస్టల్లోనే మరిచిపోయి వచ్చాడు. ఇంగ్లండులో నలుగురు పిల్లలు ఒక గ్యారేజీలో మొదలుపెట్టి లోకమంతా పేరు తెచ్చుకున్నారని ఆయన మాకు రోజూ చెప్పేవాడు. "మనకు గ్యారేజ్ లేదు గని, బాయికాడ మోటరు కొట్టం లేదా?" అనేవాడు. నలుగురు దొరకలేదు, ముగ్గురమే అయ్యాం. పాటలు రాసి, గిటారు పట్టి పాడేది బావ. డ్రమ్ములు మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్న. నాలుగు లావు తీగల గిటారు నాకు అంటగట్టారు. పాటలు తెలుగులోనే ఉండేవి, అయినా ఊరంతా మమ్మల్ని ఇంగ్లీషు మేళం అనే పిలిచింది.

ఆ కొట్టం సంగతి కాస్త చెప్పాలి. నాలుగు మట్టిగోడలు, పైన రేకులు, లోపల గ్రీజు వాసన, మూలన బల్లులు. బావి మీది మోటరు అందులోనే ఉండేది. అప్పట్లో పొలాలకు కరెంటు వంతులవారీగా వచ్చేది, ఒక వారం పొద్దున, ఒక వారం మాపటికి. అది వచ్చేవేళకు రైతు దగ్గర ఉండడు కాబట్టి అందరిలాగే మామ, అంటే బావ నాన్న, కూడా ఆటో స్టార్టర్ పెట్టించాడు. కరెంటు రాగానే మోటరు దానంతటదే లేచేది. మా గిటారు సౌండు పెట్టెకు కూడా కరెంటు ఆ తీగ నుంచే. అంటే మా పాట మొదలైందంటే పక్కన మోటరు కూడా మొదలైనట్టే. దాన్ని ఆపుదామంటే మామ ఊరుకునేవాడా? "మీ పాటకు నా మడి ఎండాల్నా?" అని కట్టె పట్టుకునేవాడు. అలా ఏడేళ్లు మా ప్రతి పాటా ఆ మోటరు హోరులోనే పుట్టి పెరిగింది. ఆ హోరు మొదట్లో చెవులు పగలగొట్టేది, కొన్నాళ్లకు మాకు వినపడడమే మానేసింది.

బావ పట్టుదల చెబితే మీరు నమ్మరు. ఒక పాట డ్రమ్ముతో మొదలవ్వాలా గిటారుతో మొదలవ్వాలా అని ఒక వానాకాలమంతా తేల్చలేదు. మాచారెడ్డిలో ఒక పెళ్లివిందుకు పిలిస్తే వెళ్లాం. పాట నాలుగో వరసలో తీగ కాస్త జారిందని బావ ఆపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ ఆపాడు. మూడోసారి పెళ్లికూతురి తండ్రి వేదిక దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, "నాయినా, గా మొదలే మల్లమల్ల వాయిస్తున్నరు, జర ముందటికి పోరాదుండ్రి, చుట్టాలు బువ్వ తినాలె" అన్నాడు. బావకు కోపం రాలేదు సరికదా, ఆ పెద్దమనిషి చెవి మంచిదని దారంతా మెచ్చుకుంటూ వచ్చాడు. ఈ మనిషిని చూసి నవ్వాలో ఏడ్వాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. కానీ పాట కుదిరిన రోజున, ఆ రేకుల కింద మేం ముగ్గురం ఒక్క మనిషిలా కదిలిన క్షణాలు కొన్ని ఉన్నాయి. వాటి కోసమే తిట్లన్నీ భరించాం.

ఇంతలో అన్నకు దుబాయి వీసా వచ్చింది. పది రోజుల్లో ప్రయాణం. హైదరాబాదులో బావ దోస్తు ఒకడు చిన్న రికార్డింగు గది నడుపుతున్నాడు, ఒక రోజంతా ఇస్తానన్నాడు. ముగ్గురం కలిసి వాయించిన గుర్తు ఒక్కటైనా మిగలాలంటే ఆ ఒక్క రోజే. కామారెడ్డి స్టేషన్లో రైలెక్కాక అన్న డ్రమ్ములను పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రికార్డింగు గది గోడలకు మెత్తలు కొట్టి ఉన్నాయి. తలుపు వేస్తే మన ఊపిరి మనకే వినిపించేంత నిశ్శబ్దం. వాయించడం మొదలుపెట్టాం. నాలుగో వరసకు బావ ఆపేశాడు. "ఏదో తక్కువున్నది" అన్నాడు. మళ్లీ మొదలు, మళ్లీ అదే మాట. తీగలు మార్చాడు, మాటలు మార్చాడు, నన్ను కుర్చీలోంచి లేపి నిలబెట్టాడు. మధ్యాహ్నం దాటాక అన్న వైపు తిరిగి, "నీ చేతిల లయ లేదురా బామ్మర్ది. ఏడేండ్లు నేనే కనిపెట్టలే" అన్నాడు. అన్న మొహం చూడలేకపోయాను. మరో నాలుగుసార్లు వాయించాడు, ప్రతిసారీ దెబ్బ ఇంకా తప్పింది. చివరికి డ్రమ్ము పుల్లలు కింద పెట్టి, "నాతోటి కాదు బావా" అని బయటికి వెళ్లిపోయాడు. ఏమీ రికార్డు కాలేదు. అన్న దుబాయి వెళ్లేముందు అందరికీ చెప్పి వెళ్లాడు, బావకు తప్ప.

రెండు నెలల తర్వాత నేను కొట్టానికి వెళ్తే బావ ఒక్కడే గిటారు పట్టుకుని కూర్చున్నాడు. కరెంటు వచ్చి మోటరు లేచింది. ఆయన ఆ పాటే ఎత్తుకున్నాడు, నాలుగో వరస చక్కగా కుదిరింది. మోటరు వైపు వేలు చూపించి, "గిదేరా! ఆడ గిది లేదు. తీగల శ్రుతి, డ్రమ్ముల లయ అన్ని దీని హోరుకే కట్టుకున్నం. వాని తప్పేం లేదురా" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. అయితే అన్నకు ఫోన్ చేసి చెప్పమన్నాను. ఫోన్లో చెప్పే మాట కాదన్నాడు, ఉత్తరం రాస్తానన్నాడు. రాశాడు కూడా. కానీ అది కూడా పాటే అయి కూర్చుంది. ఒక మాట కొడతాడు, ఒక మాట చేరుస్తాడు, చించేస్తాడు. నేనైనా చెప్పొచ్చు కదా అని మీరడుగుతారు. ఆయన చెప్పాల్సిన మాట నేనెందుకు లాక్కోవాలి అనుకున్నాను. అది మర్యాదో, పిరికితనమో, ఒట్టి బద్ధకమో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. అన్న తిరిగొచ్చి ఎల్లారెడ్డిలో పిండిగిర్ని పెట్టుకున్నాడు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఇద్దరూ "మంచిగున్నవా" అంటే "మంచిగున్న" అనుకుని చెరో దిక్కు వెళ్లేవాళ్లు. అలా పద్దెనిమిదేళ్లు.

ఆ పంతులు వచ్చిపోయాక మనసు ఊరుకోలేదు. ఆదివారం బావ దగ్గరికి వెళ్లి ఉత్తరం సంగతి అడిగాను. "ఇంకొక్క మాట కుదరాలెరా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నీ మాట కుదిరేటాళ్లకు మనం ముగ్గురం మట్టిల కలుస్తం" అని కేకలేసి, తిన్నగా గిర్నికి వెళ్లాను. అన్న జొన్నలు పడుతున్నాడు. గిర్ని ఆపించి, మోటరు సంగతంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను, లేదా బావను నాలుగు తిడతాడనుకున్నాను. రెండూ కాలేదు. చేతుల పిండి దులుపుకుంటూ, "అయితే నా చెయ్యి మంచిగనే ఉండెనా?" అన్నాడు.

"మంచిగనే ఉండెనే అన్నా."

"పదేండ్ల వయసుల మా బిడ్డ డోలక్ నేర్సుకుంటనని ఏడ్చింది. వద్దన్న. మన రక్తంలనే లయ లేదు బిడ్డా అన్న" అన్నాడు. ఆ అమ్మాయికి పెళ్లయింది, నస్రుల్లాబాద్‌లో కాపురం. అన్న లేచి గిర్ని మళ్లీ వేశాడు. బావకు పద్దెనిమిదేళ్లు కుదరని ఆ మాట చెప్పడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు. అది అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది, ఇప్పుడు ఎంత బాగా చెప్పినా ఆ పిల్లకు మళ్లీ పదేళ్లు రావు.